లేపేవాడి పెళ్ళి

కొత్త బూట్లు ఎడమ మడమని కొరికేస్తున్నాయి. పెళ్ళికొడుకు కుంటుతూనే గబగబా నడుస్తున్నాడు. ఎండ నడినెత్తికెక్కింది. చొక్కా మెడపట్టీకి పెట్టిన గంజి గీరుకుంటోంది. ఇంకాసేపట్లో రైలు గేటుకి అవతలున్న పెద్ద హాల్లో అతని పెళ్ళి. అతనేమో ఆ హాలుకి ఎదురు దిక్కుగా, మగ్గాల షెడ్డు వైపు పోతున్నాడు.

"ఏం కోడీ, పెళ్ళికూతురు అటుంటే నువ్విటు పోతున్నావు? పారిపోతున్నావా ఏంటి?" అని కేకేశాడు సైకిలు షాపువాడు, కొట్టుకి తాళం వేస్తూ. వాడూ కొత్త చొక్కాలోనే ఉన్నాడు. సందు చివర ఆఖరి వ్యాను హారన్ కొడుతోంది.

"షెడ్డు గేటు దగ్గరవాళ్ళు మిగిలిపోయారు బావా. లేపుకొచ్చేస్తాను, వ్యాను ఆపమను."

"పెళ్ళికొడుకే పిలుపులకి తిరగడం నీ పెళ్ళిలోనే చూశాను," అని వాడు నవ్వాడు.

తిరగక ఏం చేస్తాడు? ఆ సందుల్లో పిలవడమంటే అతనే. అక్కడివాళ్ళందరికీ ఆ మగ్గాల షెడ్డే కూడూ గుడ్డా. షెడ్డుకేమో కరెంటు దయ. అది ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో ఎవరికీ తెలియదు. మగ్గం ఆడినంతసేపే కూలి, మీటరుకి ముప్పై పైసలు. పావుగంట ఎక్కువ నిద్రపోయినవాడికి ఆ పావుగంట బట్ట పోయినట్టే. అందుకని మీసాలు రాకముందు నుంచీ అతనికి అదే పని. కరెంటు రాగానే షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చి సందులన్నీ తిరిగి జనాన్ని లేపాలి. "లేవండీ... వచ్చిందీ... లేవండీ..." అని ఆ గొంతు వినిపించిందంటే చాలు, అరగంటలో షెడ్డు నిండేది. పసిపిల్లలున్న ఇంటి ముందు గొంతు తగ్గించేవాడు. చెవుడున్న ముసలాయన కిటికీ రెక్క మీద మాత్రం గుప్పిట పెట్టి బాదేవాడు. కోడి అని పేరు పెట్టింది ఎవరో ఏమో, అసలు పేరు వాళ్ళమ్మకి గుర్తుంటే గొప్ప.

అందరూ లేచాక అతనూ వెళ్ళి తన రెండు మగ్గాల దగ్గర నిలబడేవాడు. నడవకి అవతలి మగ్గాలు పెళ్ళికూతురివి. వాళ్ళ ప్రేమకి మధ్యవర్తి ఎవరయ్యా అంటే ఆ మగ్గాల హోరే. లోపల పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. షెడ్డువాళ్ళందరూ పెదాలు చూసి మాట పట్టేస్తారు. నడవకి ఇవతల ఒకరు పెదాలు కదిపితే అవతలి గోడ దగ్గర ఇంకొకరు జవాబు చెబుతారు. నూలు తెగితే ముడి వేస్తూ ఆ పిల్ల తలెత్తి, చప్పుడు లేకుండా "అన్నం తిన్నావా?" అని అడగడంతో మొదలైంది ఆ కథ. రెండేళ్ళకి "మీ అమ్మని పంపించు" దాకా వచ్చింది. ఆ రెండేళ్ళలో వాళ్ళు గొంతు విప్పి మాట్లాడుకున్నది తక్కువే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి చేయించుకుని చూడమని మాత్రం ఎవరూ అనలేదు. చేయించుకునేవాడికి అక్కడ పనేం ఉండదు కాబట్టి కాబోలు. పెళ్ళికొడుక్కి ఒక ఆలోచన ఉండేది. తాళం పడ్డ షెడ్డు మళ్ళీ తెరిచాక, ఒక సెలవు రోజున, షెడ్డు వాకిట్లో నాలుగు బెంచీలు వేసి, అందరికీ టీ పోసి, పెద్దవాళ్ళ ముందు సంతకాలు చేసుకుంటే చాలని. పెళ్ళికూతురికీ అదే ఇష్టం. అతను ఆ మాట మేనమామ ముందు ఎత్తాడు. మేనమామ షెడ్డులో మేస్త్రీ.

"టీనా?" అన్నాడు మేస్త్రీ. "తండ్రి లేని పిల్లాడి పెళ్ళి టీ నీళ్ళతో చేశాడు మేనమామ అని లోకం నా మొహాన ఉమ్మెయ్యాలనా? షెడ్డు షావుకారుగారు తన హాలు ఇస్తానన్నారు. అద్దె లేదు. భోజనాలు కూడా ఆయనవే. అందర్నీ తీసుకెళ్ళి తీసుకురావడానికి వ్యాన్లు."

ఆ హాలు ఒక్క రోజు అద్దె పెళ్ళికొడుకు ఏడాది కూలి. "మరి షెడ్డు తెరిచాక పెట్టుకుందాం మామయ్యా, తొందరేముంది?" అన్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, పెళ్ళికొడుకు అన్నవాడు రెండే పనులు చెయ్యాలి. మేం చెప్పినదానికి తల ఊపడం ఒకటి. నీకు చేతనైన పని రెండోది, పిలవడం. మిగతాదంతా నాకొదిలెయ్. రోజు కూడా నేనే చూసి చెబుతాను. పిలుపులు మాత్రం నీవే. ఒక్క గడప మిగలకూడదు. మంచాన పడ్డవాళ్ళని కూడా వ్యానెక్కించు. షెడ్డు గేటు దగ్గర కూర్చునేవాళ్ళని కూడా వదలొద్దు. వాళ్ళు తినకపోతే మనకి తిన్నది ఒంటబడుతుందా?"

తల ఊపాడు. ఊపకుండా ఎలా ఉంటాడు? తండ్రి పోయిన ఏడు, ఆ ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో, మూట బియ్యం భుజాన వేసుకుని వచ్చింది ఈ మామే. జ్వరమొస్తే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది ఈ మామే. ఆ భుజం మీద కూర్చునే అతను లోకం చూశాడు.

పెళ్ళికూతురు మాత్రం మొహం ముడుచుకుంది. "షావుకారు హాలు మనకెందుకు? షెడ్డుకి తాళం వేసినవాడు మనకి అన్నం పెట్టడమేంటి?" అంది.

"మామ అడిగాడు, ఆయన ఒప్పుకున్నాడు. మామ ఉన్నాడుగా, అన్నీ చూసుకుంటాడు."

"మరి ఈ పెళ్ళిలో నీకేం పని ఇచ్చారు?"

"పిలవడం."

"నాకు?"

"రావడం," అన్నాడు నవ్వుతూ. ఆ పిల్ల నవ్వలేదు.

షెడ్డుకి తాళం పడి నెల దాటింది. మోటార్లకి రిపేరని షావుకారు మాట. తాళం వేసిన వారానికే ఎవరో కొత్తమనిషి టేపు పట్టుకుని లోపలికెళ్ళి మగ్గాల పొడుగూ వెడల్పూ కొలుచుకుపోయాడు. రిపేరు చేసేవాడు మోటారు విప్పుతాడు గానీ మగ్గం వెడల్పు కొలుస్తాడా? మగ్గాలు ఎత్తుకుపోతే ఆ సందులన్నీ ఎండిపోయిన చెరువే. అందుకని షెడ్డువాళ్ళు గేటు ముందు వంతులేసుకుని కూర్చుంటున్నారు. పగలు కొందరు, రాత్రి కొందరు. వంతుల్లేకుండా ఎప్పుడూ కూర్చునే మనిషి ఒక్కతే ఉంది. నూలు కండెలు చుట్టే ముసలమ్మ. కండెలమ్మ అంటారు. మొగుడూ బిడ్డలూ లేరు. షెడ్డు పునాది తవ్విన రోజు మట్టి మోసింది తనేనని, కాబట్టి షెడ్డులో తనకీ వాటా ఉందని షావుకారు ముందే అనేది.

అతను వెళ్ళేసరికి గేటు నీడలో కండెలమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఉంది. పక్కన ఇంకో నలుగురు. కొత్త బట్టలు కట్టుకుని, వెళ్ళాలా వద్దా అని గుంజాటన పడుతున్నారు.

"పెద్దమ్మా, లే. వ్యాను ఆగి ఉంది," అన్నాడు పెళ్ళికొడుకు.

కండెలమ్మ అతన్ని పైనించి కిందకి చూసింది. "ఎంత బావున్నావురా! మీ నాన్న చూడాల్సింది," అంది. తర్వాత తల అడ్డంగా తిప్పింది. "నేను రాను నాయనా. ఇక్కణ్ణించే దీవిస్తాను. వీళ్ళని తీసుకుపో."

"నువ్వు రాకుండా నా పెళ్ళేంటి?"

"గేటు దగ్గర ఒక్కరైనా ఉండాలిరా."

"వాచ్‌మన్ ఉన్నాడుగా. మామ వాడికి మరీ మరీ చెప్పాడు. గంట... రెండు గంటలు. తినేసి ఇదే వ్యానులో వచ్చెయ్యి. నేను దింపిస్తాను."

"మీ మామ మాట నాకొద్దు. నువ్వు చెప్పు. నువ్వు చెబుతున్నావా, ఏం కాదని?"

ఆ ప్రశ్న అతని చెవుల్లో బతికున్నంతకాలం మోగుతుంది. అప్పుడు మాత్రం అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నేను చెబుతున్నాను పెద్దమ్మా. ఇన్నేళ్ళుగా నేను లేపితే నువ్వెప్పుడైనా ఊరికే లేచావా? లే."

కండెలమ్మ లేచింది. మోకాళ్ళు పట్టేసి లేవడానికి కాస్త సమయం పట్టింది. గోనెపట్టా మడిచి గేటు ఊచల మధ్య దోపింది. "మళ్ళీ వచ్చి కూర్చోవాలిగా," అంది.

హాలు చూసి షెడ్డువాళ్ళకి కళ్ళు తిరిగాయి. నేల అద్దంలా ఉందని ఆడవాళ్ళు చెప్పులు బయటే విప్పేశారు. పైన ఫ్యాన్లు, గోడలకి రంగు దీపాలు. ఒక మూల మనిషెత్తు లౌడ్‌స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా పాటలు పాడుతున్నాయి. జనం ఎక్కువ, సమయం తక్కువ అని మేస్త్రీ పెళ్ళికన్నా ముందే భోజనాలు మొదలు పెట్టించాడు. పొడుగాటి బల్లల ముందు వరసలుగా కూర్చుని అందరూ తింటున్నారు. నెల రోజుల తర్వాత కడుపు నిండా తింటున్నారు. ఆ తినడం చూస్తే పెళ్ళికొడుకు గుండె నిండిపోయింది. తన పెళ్ళిలో తను ఏం చేశాడయ్యా అంటే ఇదిగో, ఇంతమందిని ఇక్కడికి రప్పించాడు. కండెలమ్మ మొదటి వరసలో ఉంది. తన పళ్ళెం వదిలేసి, పక్క పిల్లకి ముద్దలు కలిపి పెడుతోంది.

పెళ్ళికూతురు వేదిక మీద పెద్ద కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఆ కుర్చీలో ఇద్దరు పడతారు. అతను అటు పోబోతూ, బూటు మరీ కరుస్తుంటే పక్క వాకిట్లోకి వెళ్ళి, పంపు దగ్గర ఒక బూటు విప్పి మడమ మీద నీళ్ళు పోసుకున్నాడు. అక్కడ వ్యాను డ్రైవరు చేతులు కడుక్కుంటున్నాడు. కొత్తవాడు, బయట ఊరివాడు.

"భోజనం బావుంది తమ్ముడూ. పెళ్ళంటే ఇలా చెయ్యాలి," అన్నాడు డ్రైవరు.

"ఇంకాస్త తినాల్సింది అన్నా. కాసేపటికి ఒక పెద్దావిడని షెడ్డు దగ్గర దింపాలి. తీసుకెళ్తావా?"

"ఇప్పుడా? ఇప్పుడు కుదరదుగా. సాయంత్రం దాకా ఎవర్నీ అటు తీసుకెళ్ళొద్దన్నారు. సందు నిండా లారీలు అడ్డం ఉంటాయట. మగ్గాలు బరువుగా, ఎక్కించడానికి టైము పడుతుందిగా. మీకు చెప్పలేదా?"

నీళ్ళు మడమ మీద పడుతూనే ఉన్నాయి. పెళ్ళికొడుకు పంపు కట్టెయ్యడం మరిచిపోయాడు.

"ఎవరు చెప్పారు?"

"మీ మేస్త్రీగారే. మంచి మనిషి. మాకు భోజనాలు కూడా ఆయనే దగ్గరుండి పెట్టించాడు."

ఒక కాలికి బూటుతో, ఒక కాలు తడిగా, అతను హాల్లోకి వచ్చాడు. మేస్త్రీ గుమ్మం దగ్గరే ఉన్నాడు. అల్లుడి మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఆ మూల లౌడ్‌స్పీకర్ల ముందు నిలబెట్టాడు. అక్కడైతే పక్కన నిలబడ్డవాడికి కూడా మాట వినపడదు. తెలివైనవాడే. కాకపోతే మేస్త్రీ అయ్యాక అద్దాల గదిలో కూర్చుని చాలా ఏళ్ళయింది ఆయనకి. చప్పుడు మాటని దాచేస్తుందనుకున్నాడు. చప్పుడులోనే బతికినవాళ్ళు మాటని దేనితో వింటారో మరిచిపోయాడు.

"లారీలేంటి మామయ్యా?"

"నెమ్మదిగా."

"మగ్గాలు ఎక్కిస్తున్నారా?"

మేస్త్రీ అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే బావుండేదని పెళ్ళికొడుక్కి అనిపించింది. "ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే పోలీసుల్ని పెట్టి. ఎలాగూ పోయేవే. దెబ్బలూ రక్తాలూ లేకుండా అయిపోతుంది కదా అని నేనే చెప్పాను షావుకారుకి. పెళ్ళని చెబితే అందరూ వస్తారని."

"నేను పిలిస్తే వస్తారని."

"అవును. నువ్వు పిలిస్తే వస్తారు. నా మాట ఎవడు వింటాడు?"

"అంటే నా పెళ్ళి..."

"నీ పెళ్ళి నీదేరా. పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. కొత్త ఊళ్ళో షెడ్డు కట్టారు. అక్కడ నిన్ను చిన్న మేస్త్రీగా పెట్టమన్నాను. ఆ పిల్లకీ పని, మీకొక గది. షావుకారు చేత ఒప్పించాను. ఇది నా పెళ్ళి కానుక అనుకో. నీ తండ్రి బతికుంటే ఇంతకన్నా ఏం చేసేవాడు?" మేస్త్రీ గొంతు మెత్తగా అయింది. నిజంగానే అయింది. ఆయన అల్లుడి చొక్కా బొత్తాం సరిచేశాడు, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చేసినట్టు. "అరగంట. పెళ్ళి అయిపోనీ. తర్వాత ఎవరికి ఎలా తెలిసినా మనకేం? నీకు తెలియదు, అంతే. నువ్వు పెళ్ళికొడుకువి."

ఎవరైనా బయటివాడు పొడిస్తే అరవొచ్చు, తిరిగి కొట్టొచ్చు. బొత్తాం సరిచేస్తూ పొడిచే చేతిని ఏం చెయ్యాలి? ఒక్కో గడపా గుర్తొచ్చింది. బాలింతరాలు రానంటే బతిమాలాడు. చెవుడు ముసలాయన్ని తనే ఎత్తి వ్యాను ఎక్కించాడు. నేను చెబుతున్నాను పెద్దమ్మా, అన్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఈ దొంగతనానికి తలుపు తీసిందే ఇంటివాడైతే?

తలెత్తాడు. వేదిక మీద నుంచి పెళ్ళికూతురు సూటిగా చూస్తోంది. అతన్ని కాదు, మేస్త్రీ పెదాల్ని. ఎప్పటి నుంచి చూస్తోందో! మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

ఆ పిల్ల చూపు మెల్లగా అతని మీదకి తిరిగింది. హాలంత దూరం అవతలి నుంచి, చప్పుడు లేకుండా అడిగింది.

"నీకు తెలుసా?"

అతను తల అడ్డంగా ఊపాడు. నమ్మిందో లేదో తెలియలేదు. ఆ కళ్ళలో అతనికి తెలిసిన చూపేదీ లేదు. మళ్ళీ పెదాలు కదిలాయి. ఈసారి ఒక్క మాటే. చివర పెదాలు రెండూ కలిసి విడిపోయాయి.

"లేపు."

అతను మేస్త్రీ చెయ్యి తీసేసి గోడ దగ్గరికి వెళ్ళాడు. లౌడ్‌స్పీకర్ తీగ పట్టుకుని లాగేశాడు. పాట మధ్యలో తెగింది. హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగి, నములుతున్న చప్పుడు బయటపడింది. అందరూ తలలెత్తారు. పెళ్ళికొడుకు ఏదో వేళాకోళం చేయబోతున్నాడనుకుని కొందరు నవ్వారు.

అతని తల్లి కొడుకు మొహం చూసి పరిగెత్తుకొచ్చింది. "ఏంట్రా? ఏమైంది?"

"వీళ్ళని లేపాలమ్మా."

"తినేవాళ్ళనా? మతి పోయిందా? తింటున్నవాళ్ళని లేపితే పాపంరా. శత్రువునైనా ముద్ద దగ్గర లేపరు. తిననీ, నాయనా, తర్వాత చెబుదువుగాని."

మేస్త్రీ కూడా వచ్చాడు. ఇంకా ఆ మెత్తటి గొంతుతోనే, "వెళ్ళి కూర్చో అల్లుడూ. అందరూ చూస్తున్నారు. నీకు అక్కడ గది..." అన్నాడు.

"నాకొద్దు," అన్నాడు పెళ్ళికొడుకు.

పుట్టాక మేనమామతో ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక తనకే వింతగా అనిపించింది. మళ్ళీ అన్నాడు. "గదీ వద్దు, పనీ వద్దు. పిలిచినవాణ్ణి నేను. సాగనంపాల్సింది కూడా నేనే."

బల్లల వైపు తిరిగాడు. గొంతు పెగలదేమో అనుకున్నాడు. కానీ అది అలవాటైన గొంతు, యజమాని ఎలా ఉన్నా తన పని తను చేసుకుపోయింది.

"లేవండీ... లేవండీ..."

ఆ కేకకి చేతులు ముద్దల దగ్గరే ఆగిపోయాయి. ఎన్నో తెల్లవారుజాముల్లో ఒళ్ళు అలవాటు పడ్డ కేక. ఒకరిద్దరు సగం లేచి, ఎందుకు లేచామో తెలియక మళ్ళీ కూర్చున్నారు.

"మగ్గాలు లేపేస్తున్నారు. మనందర్నీ ఇక్కడ కూర్చోబెట్టి అక్కడ లారీలకి ఎక్కిస్తున్నారు. అందుకే ఈ పెళ్ళి. లేవండీ..."

సైకిలు షాపువాడు నోట్లో ముద్దతో అలాగే ఉండిపోయాడు. "నువ్వే కదరా పిలిచావు," అంది ఎవరో ఆడమనిషి. గట్టిగా అనలేదు. ఆ మాట మాత్రం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పాకిపోయింది. అందరి చూపులు మేస్త్రీ మీద నుంచి అతని మీదకి, అతని మీద నుంచి మేస్త్రీ మీదకి తిరుగుతున్నాయి. ఇద్దరిదీ ఒకే పోలిక. మేనమామా మేనల్లుడూ అని చెప్పకుండానే తెలిసిపోతుంది.

మొదట లేచింది కండెలమ్మ. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. బల్ల పట్టుకుని, మోకాళ్ళు కూడదీసుకుని, మెల్లగా లేచి నడిచింది. పెళ్ళికొడుకు చెయ్యి అందించబోయాడు. ఆమె ఆ చేతిని చూసింది.

"గేటు దగ్గర కూడా నువ్వే లేపావు నన్ను," అంది.

అంతే. తిట్టలేదు, శాపం పెట్టలేదు. పెడితే అతనికి తేలికయ్యేది.

ఆమె వెనకే అందరూ లేచారు. బల్లలు కదిలాయి, పళ్ళేలు కింద పడ్డాయి. బయట వ్యాన్ల తాళాలు ఏ డ్రైవరు దగ్గరా లేవు, మేస్త్రీ ముందే తీసి పెట్టుకున్నాడు. ఆయన కోసం చూస్తే ఆయన కూడా లేడు. జనం నడకకే దిగారు. ఎండలో, కొత్త బట్టలతో, ఎంగిలి చేతులతో, పిల్లల్ని చంకనేసుకుని. దూరంగా చూసేవాళ్ళకి పెళ్ళి ఊరేగింపులాగే ఉండి ఉంటుంది. పెళ్ళికూతురు వేదిక దిగి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఆడవాళ్ళతో కలిసి నడుస్తోంది. వెనక్కి తిరిగి చూడలేదు. పెళ్ళికొడుకు మిగిలిన బూటు కూడా విప్పేసి అందరికన్నా వెనక నడిచాడు. అతని పక్కన ఎవరూ నడవలేదు. తారు కాళ్ళని కాలుస్తుంటే, ఆ మంట కాస్త నయంగానే ఉంది.

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు వేసి ఉంది. ముందున్నవాళ్ళు ఆగిపోయారు. పట్టాలకి అవతల కూడా గేటు ముందు బళ్ళు ఆగి ఉన్నాయి. మొదటిది లారీ. దాని వెనక లారీ. దాని వెనక ఇంకో లారీ. మీద టార్పాలిన్లు బిగించి కట్టారు. అంచు కింది నుంచి ఒక మగ్గం ఇనప చట్రం బయటికి కనిపిస్తోంది. ఊరు దాటాలంటే అవి ఈ గేటు దాటే పోవాలి. రెండు గేట్ల మధ్య, పట్టాల మీద ఎండ తళతళలాడుతోంది.

"అది నా మగ్గం," అన్నాడు ఎవరో గుర్తుపట్టి, చిన్నపిల్లాడిలా.

దూరంగా రైలు కూత వినిపించింది. అది పోతే గేటు లేస్తుంది. గేటు లేస్తే లారీలు కదులుతాయి. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కండెలమ్మ మాత్రం గేటు ముందు రోడ్డు నడిమధ్యకి నడిచి, షెడ్డు గేటు నీడలో రోజూ కూర్చున్నట్టే కూర్చుంది. ఇక్కడ నీడా లేదు, గోనెపట్టా లేదు.

పెళ్ళికొడుకు జనాన్ని తప్పించుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆమెకి ఇంకో పక్క ఎవరో కూర్చున్న అలికిడైంది. పెళ్ళికూతురు. ఇద్దరి మధ్యా ముసలమ్మ. వెనక ఇంకా కొందరు కూర్చుంటున్నారు, కొందరు నిలబడే ఉన్నారు.

రైలు వచ్చేసింది. గూడ్సుబండి. ఆ హోరులో ఏ మాటా వినపడదు. అచ్చం షెడ్డులాగే ఉంది. అతను కండెలమ్మ వైపు తిరిగాడు. "నాకు తెలియదు పెద్దమ్మా. నిజంగా తెలియదు. నన్ను నమ్ము," అన్నాడు. పెదాలు బాగా కదిపి, తేటగా అన్నాడు. ఆమె అతని మొహంలోకి చూస్తే చాలు, ఆ మాట చేరేది.

కండెలమ్మ చూడలేదు. మొహం అటు తిప్పుకుని, పెట్టెల సందుల్లోంచి కనపడీ కనపడని లారీలని చూస్తూ కూర్చుంది.

ఆఖరి పెట్టె దాటిపోయింది. అవతల మొదటి లారీ ఇంజను గర్రుమంది. గేటు కిర్రుమంటూ లేచింది.

కండెలమ్మ లేవలేదు.